సినీ సంగీత విభావరి

సినీ సంగీత విభావరి అనగా ప్రసిద్ధమైన చలనచిత్ర గీతాలను మూల గాయకులు గాని, వారి తరువాతి తరం గాయకులు గాని పూర్తి వాద్యబృందంతో వేదికపై పాడి వినిపించే కార్యక్రమం. తెలుగునాట శ్రీరామనవమి పందిళ్ళలోనూ, దసరా, వినాయక చవితి ఉత్సవాలలోనూ, తిరునాళ్ళలోనూ, పెళ్ళిళ్ళలోనూ, పట్టణాలలోని కళాక్షేత్రాలలోనూ ఈ కార్యక్రమాలు జరుగుతుంటాయి. పల్లెలలో దీనిని పాట కచేరి అని కూడా వ్యవహరిస్తారు. వాద్యబృందం పేరే కార్యక్రమానికి స్థిరపడి 'ఆర్కెస్ట్రా' అనే మాట కూడా వాడుకలోకి వచ్చింది.

సినిమా పాటలో సాహిత్యం, గానం, వాద్య సంగీతం అని మూడు భాగాలు ఉన్నాయి. సాహిత్యం సినిమా హాళ్ళ వద్ద అమ్మిన పాటల పుస్తకాలలో అచ్చయింది. గానం విని నేర్చుకొనేవారు ఊరూరా ఉన్నారు. పల్లవికి ముందు, చరణాలకు నడుమ వచ్చే వాద్య సంగీతం మాత్రం ఆ పుస్తకాలలో స్వరలిపిగా అచ్చు కాలేదు. దానిని రికార్డుల నుండి చెవితో విని, తిరిగి వాయించి, ఒకరి నుండి ఒకరికి అందించినవారు విభావరి బృందాల వాద్యకారులు. తెలుగు సినీ సంగీత చరిత్రలో ఈ బృందాల ప్రాముఖ్యం ఇక్కడనే ఉన్నది.

పేరు, స్వరూపం

సంస్కృతంలో 'విభావరి' అంటే రాత్రి. రాత్రి వేళ జరిగే సంగీత కార్యక్రమం కనుక సంగీత విభావరి అనే పేరు ఏర్పడింది. కాలక్రమేణా పగటి వేళ జరిగే కచేరీకి కూడా ఇదే పేరు వాడుతున్నారు. శాస్త్రీయ సంగీత కచేరీలను, లలిత గీతాల కార్యక్రమాలను సైతం విభావరి అనడం ఉన్నది. అందుచేత సినిమా పాటలకే పరిమితమైన దానిని సినీ సంగీత విభావరి అని ప్రత్యేకించి చెబుతారు.

సాధారణంగా విభావరి భక్తిగీతంతో మొదలవుతుంది. తరువాత పాత పాటలు, యుగళ గీతాలు, హుషారైన పాటలు వరుసగా వస్తాయి. పాటకూ పాటకూ నడుమ వ్యాఖ్యాత ఆ చిత్రం పేరు, రచయిత, సంగీత దర్శకుడు, మూల గాయకుల వివరాలు చెబుతాడు. వాద్యకారులు తరువాతి పాటకు శృతి సరిచూసుకొనే లోపల మిమిక్రీ వంటి అంశం ప్రదర్శించడం కూడా పరిపాటి.

పూర్వరంగం

వేదికపై పాట విని ఆనందించే అలవాటు తెలుగువారికి సినిమా కంటే ముందే పద్యనాటకం వల్ల ఏర్పడింది. హార్మోనియం, తబలాల సహకారంతో నటుడు రాగయుక్తంగా పద్యం పాడడం, ప్రేక్షకులు 'వన్స్ మోర్' అని కేకలు వేయడం, నటుడు కథను ఆపి అదే పద్యం మళ్ళీ పాడడం పద్యనాటక సంప్రదాయం. విభావరులలో శ్రోతలు నచ్చిన పాటను మళ్ళీ పాడించుకోవడం ఈ అలవాటుకు కొనసాగింపే.

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో విడుదలయింది. ఆ రోజులలో నటీనటులే కెమెరా ఎదుట తమ పాటలు తాము పాడుకొనేవారు. వాద్యకారులు తెరపై కనబడకుండా పక్కన ఉండి వాయించేవారు. నేపథ్య గానం వచ్చిన తరువాత గాయకుడూ, వాద్యబృందమూ రికార్డింగ్ థియేటరుకు మారారు. వాద్యకారుల సంఖ్య పెంచడానికి, పాటకు ముందు వెనుకల దీర్ఘమైన సంగీతం చేర్చడానికి అప్పుడు అవకాశం కలిగింది.

ఈ పాటలను ప్రజలకు చేరవేసినవి గ్రామఫోను రికార్డు, రేడియో. నిమిషానికి 78 సార్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల సంగీతమే పట్టేది. అందువల్ల కొన్ని పాటలలో సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న, వివిధ భారతి ప్రసారాలు 1957 అక్టోబరు 3న ప్రారంభమయ్యాయి. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై వ్యాఖ్యానంతో వచ్చిన తెలుగు పాటల కార్యక్రమాన్ని ఆ తరం శ్రోతలు ఆసక్తిగా వినేవారు. రేడియో ఇంటిలో లేనివారు సైతం కాఫీ హోటళ్ళ వద్ద, పంచాయతీ రేడియోల వద్ద నిలబడి పాటలు వినేవారు. ఫలితంగా పాట మాత్రమే కాక, దాని ముందు వచ్చే వేణువు పలుకో, సితార పలుకో కూడా శ్రోతలకు కంఠస్థమైంది.

మద్రాసు స్టూడియోల వాద్యబృందాలు

తెలుగు సినీ పరిశ్రమ మద్రాసులో ఉన్న కాలంలో అక్కడి రికార్డింగ్ థియేటర్లలో పెద్ద వాద్యబృందాలు పనిచేశాయి. వయొలిన్లు, వేణువు, వీణ, సితార, క్లారినెట్, షహనాయి, మాండొలిన్, గిటారు, పియానో, అకార్డియన్, తబలా, ఢోలక్, మృదంగం, బాంగో, కాంగో మొదలైనవి ఈ బృందాలలో ప్రధాన వాద్యాలు. సంగీత దర్శకుడు బాణీ కట్టిన తరువాత, ఏ వాద్యం ఎక్కడ ఏమి పలకాలో నిర్ణయించి వ్రాసి ఇవ్వడం సహాయకుడి పని, లేదా వాద్యబృంద నిర్వాహకుడి పని. ఈ పనిచేసినవారి పేర్లు పెద్దగా ప్రచారంలోకి రాలేదు. 1951 నాటి మల్లీశ్వరి చిత్రానికి సాలూరి రాజేశ్వరరావు సంగీత దర్శకుడు కాగా, వాద్యబృంద నిర్వహణ అద్దేపల్లి రామారావుది. కె.వి. మహదేవన్‌కు పుహళేంది చిరకాలం సహాయకుడిగా ఉన్నాడు.

రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు, ఘంటసాల వెంకటేశ్వరరావు, మాస్టర్ వేణు, టి.వి. రాజు, రమేష్ నాయుడు, సత్యం, చక్రవర్తి మొదలైన సంగీత దర్శకుల పాటలే నేటికీ విభావరులలో 'పాత పాటలు'గా వినిపిస్తున్నాయి. ఈ పాటలకు రాగఛాయలతో పాటు పాశ్చాత్య వాద్యాల మేళవింపు కూడా ఉన్నది. అందువల్ల ఒక్క హార్మోనియం, ఒక్క తబలాతో పాడితే పాట గుర్తు పట్టవచ్చును గాని, నిండుగా విన్న తృప్తి కలుగదు. విభావరికి పూర్తి వాద్యబృందం అవసరం కావడానికి ఇదే కారణం.

వేదికపైకి సినిమా పాట

సినీ గాయకులు స్వయంగా వేదికలపై పాడడం వల్ల విభావరులకు ఆదరణ పెరిగింది. ఘంటసాల (1922–1974) సినిమా పాటలతో పాటు పద్యాలను, ప్రైవేటు గీతాలను కూడా సభలలో పాడేవాడు. జంధ్యాల పాపయ్య శాస్త్రి పద్యాలు పుష్పవిలాపం, కుంతీకుమారి ఆయన గళంలో రికార్డులుగా వచ్చి ఇంటింటికీ చేరాయి. 1971లో ఘంటసాల ఐరోపా, అమెరికాలలో పర్యటించి అక్కడి తెలుగువారికి కచేరీలు చేశాడు. ఆయన మరణానంతరం జయంతి, వర్ధంతి సందర్భాలలో ఘంటసాల పాటలతోనే విభావరులు, పాటల పోటీలు జరపడం తెలుగునాట ఆచారంగా స్థిరపడింది.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020) సినిమాలకు రాకముందే మద్రాసులో ఒక లలిత సంగీత బృందానికి నాయకుడు. హార్మోనియంపై అనిరుత్త, గిటారుపైన, తరువాత హార్మోనియంపైన ఇళయరాజా, తాళవాద్యాలపై భాస్కర్, గిటారుపై గంగై అమరన్ ఆ బృందంలో సభ్యులు. 1966 డిసెంబరులో కోదండపాణి సంగీత దర్శకత్వంలో శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న చిత్రానికి బాలసుబ్రహ్మణ్యం తొలి పాట పాడాడు. ఇళయరాజా ఆ తరువాత దక్షిణాదిలో పేరొందిన సంగీత దర్శకుడయ్యాడు. ఇతరుల పాటలను వేదికపై వాయించడం, పాడడం ఎందరో కళాకారులకు పాఠశాలగా ఉపయోగపడిందనడానికి ఈ బృందం ఒక ఉదాహరణ.

విభావరినే ప్రధాన వ్యాసంగంగా స్వీకరించిన గాయకులలో జి. ఆనంద్ ముఖ్యుడు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఈయన 1976 నాటి అమెరికా అమ్మాయి చిత్రంలోని పాటతో ప్రసిద్ధుడయ్యాడు. స్వరమాధురి అనే సంస్థను స్థాపించి స్వదేశంలోనూ, విదేశాలలోనూ వేలాది కచేరీలు నిర్వహించాడు. వర్ధమాన గాయకులు ఎందరికో ఆ వేదికలపై పాడే అవకాశం ఇచ్చాడు. 2021 మే నెలలో కోవిడ్ వ్యాధితో మరణించాడు.

పాటను వేదికకు సిద్ధం చేసే విధానం

పాత పాటను వేదికపై యథాతథంగా వినిపించడం శ్రమతో కూడిన పని. ముద్రిత స్వరలిపి లేనందున బృంద నిర్వాహకుడు రికార్డును పదే పదే విని ప్రతి వాద్యం పలికిన స్వరాలను వేరుచేస్తాడు. పాత రికార్డులు ఏకధ్వని పద్ధతిలో ఉన్నందున అన్ని వాద్యాలూ ఒకే చోటి నుండి కలిసి వినిపిస్తాయి. తీగ వాద్యాల వెనుక మెల్లగా నడిచే క్లారినెట్‌ను గుర్తుపట్టడానికి అనుభవం గల చెవి కావాలి. విని గ్రహించిన దానిని కొందరు సరిగమలలోను, కొందరు పాశ్చాత్య స్వరలిపిలోను వ్రాసుకొంటారు. పలువురు కాగితం అవసరం లేకుండా జ్ఞాపకం పైననే వాయిస్తారు.

తరువాతి అంశం వాద్యాల సర్దుబాటు. స్టూడియోలో పది మంది వయొలిన్ వాయించిన చోట బృందానికి ఒకరో ఇద్దరో ఉంటారు. మిగిలిన నిండుదనం కీబోర్డు నుండి రావాలి. వీణ లేని చోట కీబోర్డు గాని, మాండొలిన్ గాని ఆ పలుకును అందుకొంటుంది. అయితే వేణువుకు, తబలాకు, ఢోలక్‌కు కళాకారులే ఉండాలని పాత పాటల అభిమానులు కోరుకొంటారు. గమకంతో కూడిన వేణునాదాన్ని, వేళ్ళ ఒత్తిడితో మారే తబలా నాదాన్ని యంత్రం సంపూర్ణంగా అనుకరించలేదని వారి అభిప్రాయం.

మూడవది శృతి. మూల గాయకుడి శృతి కొత్త గాయకుడికి సరిపడకపోవచ్చును. ఘంటసాల, పి.బి. శ్రీనివాస్, ఎ.ఎం. రాజా, మాధవపెద్ది సత్యం గళాలు ఒకదానికొకటి పోలిక లేనివి. ఒకే గాయకుడు ఒకే రాత్రి ఈ నలుగురి పాటలూ పాడవలసి వస్తే బృందం శృతి మార్చుకోవాలి. కీబోర్డులో ఇందుకు మీట ఉంటుంది. వేణువు విద్వాంసులు వేరువేరు శృతులకు వేరువేరు వేణువులు సంచిలో తెచ్చుకొంటారు. తబలా కళాకారులు వేర్వేరు శృతులకు సరిచేసిన కుడి తబలాలను పక్కన ఉంచుకొని, సుత్తితో కొద్దిగా సవరించుకొంటారు. కచేరీలో పాటల వరుసను శృతులను బట్టి కూర్చడం అనుభవజ్ఞులైన నిర్వాహకుల పద్ధతి.

పద్యం వచ్చినపుడు పరిస్థితి మారుతుంది. పద్యానికి తాళం లేదు. వాద్యబృందం ఆగిపోయి, శృతి మాత్రం మిగులుతుంది. గాయకుడు రాగాన్ని ఆలపిస్తూ పద్యాన్ని విస్తరిస్తాడు, వయొలిన్ గాని కీబోర్డు గాని అతనిని అనుసరిస్తుంది. విభావరిలో గాయకుడి సంగీత జ్ఞానాన్ని శ్రోతలు అంచనా వేసేది ఎక్కువగా పద్యంలోనే.

గాయకులలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. మూల గాయకుడి గొంతును, విరుపులను ఉన్నది ఉన్నట్లు అనుకరించడం మొదటిది. 'ఫలానా గాయకుడే మళ్ళీ వచ్చి పాడినట్లున్నది' అనిపించుకోవడం దాని లక్ష్యం. బాణీని, భావాన్ని కాపాడుతూ సొంత గొంతుతో పాడడం రెండవది. మొదటి పద్ధతికి చప్పట్లు త్వరగా వస్తాయి. చిరకాలం నిలిచిన గాయకులు మాత్రం ఎక్కువగా రెండవ పద్ధతి వారే.

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతం

కృష్ణానది పశ్చిమ డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతం పద్యనాటకానికీ, సినీ గానానికీ ప్రసిద్ధి చెందింది. ఈ మూడు పట్టణాల నడుమ చెరుకుపల్లి మండలం ఉన్నది. ఇది పూర్వం గుంటూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

స్త్రీ పాత్రధారణలో పేరు గాంచిన స్థానం నరసింహారావు (1902–1971) బాపట్లకు చెందినవాడు. తెనాలిలోని రామవిలాస సభ నాటకాలతో ఆయన ప్రఖ్యాతి పొందాడు. ఈలపాట రఘురామయ్య గుంటూరు జిల్లా సుద్దపల్లికి చెందినవాడు. వేలిని నోట ఉంచి ఈలతోనే రాగం వినిపించడం ఆయన ప్రత్యేకత. పుష్పవిలాపం కర్త జంధ్యాల పాపయ్య శాస్త్రిది గుంటూరు జిల్లా కొమ్మూరు.

నేపథ్య గానంలోనూ ఈ ప్రాంతానిది పెద్ద పాత్ర. తెలుగు చిత్రాలలో తొలి నేపథ్య గాయకుడిగా పేరుపొందిన ఎం.ఎస్. రామారావు తెనాలి సమీపంలోని మోపర్రులో జన్మించాడు. 1944 నాటి తహసీల్దార్ చిత్రంలో ఆయన నేపథ్యగానం చేశాడు. తరువాతి కాలంలో సుందరకాండను గేయరూపంలో రచించి, గానం చేసి ఊరూరా వినిపించాడు. మాధవపెద్ది సత్యం (1922–2000) పొన్నూరు సమీపంలోని బ్రాహ్మణకోడూరుకు చెందినవాడు. 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడి భోజనాల పాట ఆయన పాడినదే. పిఠాపురం నాగేశ్వరరావుతో కలిసి ఆయన పాడిన హాస్యగీతాలు విభావరులలో తప్పనిసరి అంశంగా ఉండేవి. ఎస్. జానకి 1938 ఏప్రిల్ 23న రేపల్లె ప్రాంతంలోని పల్లపట్లలో జన్మించింది. 1957లో సినిమా రంగంలో ప్రవేశించి దక్షిణాది భాషలన్నింటిలోనూ పాడింది.

ఈ ప్రాంత గ్రామాలలో రామాలయ పందిరి, శివరాత్రి తిరునాళ్ళు, గ్రామదేవత కొలుపులు విభావరులకు సహజమైన వేదికలు. పట్టణాలలో తెనాలి రామకృష్ణకవి కళాక్షేత్రం, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరం, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి మందిరాలు ఉన్నాయి. పల్లె వేదికకూ, పట్టణ మందిరానికీ శ్రోతలలో తేడా కలదు. పట్టణంలో టిక్కెట్టు గాని, ఆహ్వానపత్రం గాని ఉన్నవారు వస్తారు. పల్లెలో పిల్లలు మొదలు వృద్ధుల వరకు ఊరంతా వస్తుంది. అందువల్ల పల్లె విభావరిలో ఒకే రాత్రి 1950ల నాటి పాటా, ఆ ఏడాది విడుదలైన పాటా పక్కపక్కనే వినవలసి ఉంటుంది.

టెలివిజన్‌లో

ఈటీవీలో 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో ప్రారంభమైన పాడుతా తీయగా కార్యక్రమం విభావరి సంప్రదాయాన్ని టెలివిజన్‌కు తెచ్చింది. యువ గాయనీ గాయకులు పాత పాటలను ప్రత్యక్ష వాద్యబృందంతో పాడడం, పాట ముగిసిన తరువాత బాలసుబ్రహ్మణ్యం ఆ పాట రచయితను, సంగీత దర్శకుడిని, రికార్డింగు నాటి విశేషాలను వివరించడం ఈ కార్యక్రమం ప్రత్యేకత. ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ మొదలైనవారు దీని ద్వారా వెలుగులోకి వచ్చారు. బాలసుబ్రహ్మణ్యం మరణానంతరం ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ నిర్వహణ బాధ్యత స్వీకరించాడు. అదే ఛానల్‌లో 2010ల దశకంలో వచ్చిన స్వరాభిషేకం కార్యక్రమంలో పేరొందిన గాయకులు పెద్ద వాద్యబృందంతో పాత పాటలు పాడారు.

ఇతర దేశాలలో

ఒక తరం గాయకులు తమకు ముందు తరం పాటలను పూర్తి వాద్యబృందంతో పాడడం పాశ్చాత్య దేశాలలోనూ ఉన్నది. రాక్ సంగీతంలో పేరు తెచ్చుకొన్న గాయకులు ఈ పని చేసినపుడు అది చర్చనీయాంశం అయింది. గిటారు, డ్రమ్ముల హోరుతో సాగే రాక్ సంగీతం పాత తరం వాద్యబృంద సంగీతానికి ఎదురు నిలిచి ఎదిగినదే కావడం ఇందుకు కారణం.

1973లో హ్యారీ నిల్సన్ అనే అమెరికన్ గాయకుడు గోర్డన్ జెన్‌కిన్స్ వాద్య రచనతో పాత పాటల ఆల్బం వెలువరించాడు. ఈ ధోరణికి పెద్ద ఎత్తున ప్రజాదరణ తెచ్చినది లిండా రోన్‌స్టాట్. 1970లలో రాక్ గాయనిగా ప్రసిద్ధురాలైన ఆమె, రికార్డు సంస్థ వారు వద్దని వారించినా వినకుండా, నెల్సన్ రిడిల్ వాద్య రచనతో 1983లో వాట్స్ న్యూ అనే ఆల్బం చేసింది. రిడిల్ 1950లలో ఫ్రాంక్ సినాట్రా, నాట్ కింగ్ కోల్ వంటి గాయకులకు వాద్య రచన చేసినవాడు. ఆ ఆల్బం అమెరికాలో ముప్పై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయింది. దాని తరువాత అదే జంట మరి రెండు ఆల్బములు రూపొందించింది. మూడవది 1986లో విడుదలయ్యే నాటికి రిడిల్ జీవించి లేడు. జోనీ మిచెల్ 2000లోను, రాడ్ స్టీవర్ట్ 2002 నుండి వరుసగాను ఇటువంటి ఆల్బములు వెలువరించారు. పీటర్ గేబ్రియల్ 2010లో ఇతరుల పాటలను గిటారు, డ్రమ్ములు లేకుండా పూర్తిగా ఆర్కెస్ట్రాతోనే పాడాడు.

భారతదేశంలో సోనూ నిగమ్ మహమ్మద్ రఫీ పాటలను ఇంగ్లండులోని సిటీ ఆఫ్ బర్మింగ్‌హామ్ సింఫనీ ఆర్కెస్ట్రాతో పాడిన ఆల్బం 2008లో సారెగామా సంస్థ ద్వారా వచ్చింది.

పాశ్చాత్య పద్ధతికీ, తెలుగు విభావరికీ ఒక ముఖ్యమైన భేదం కలదు. అక్కడ పాత పాటకు కొత్తగా వాద్య రచన చేస్తారు. శ్రోతలు కొత్త రచనలోని అందాన్ని చూస్తారు. తెలుగు విభావరిలో వాద్య సంగీతం మూలంలో ఉన్నట్లే ఉండాలని శ్రోతలు ఆశిస్తారు. పాట ఎత్తుకోకముందే మొదటి వేణుస్వరం వినగానే చప్పట్లు మోగుతాయి. ఆ స్వరం తప్పితే గాయకుడు ఎంత బాగా పాడినా అసంతృప్తి మిగులుతుంది. సినిమా పాటను బాణీగా మాత్రమే కాక, ఒక నిర్దిష్టమైన ధ్వనిగా జ్ఞాపకం ఉంచుకోవడం దీనికి కారణం.

తెలుగులో కొత్త రూపకల్పనలు

పాత పాటను కొత్త వాద్యాలతో పాడిన సందర్భాలు తెలుగులోనూ ఉన్నాయి. పాడుతా తీయగా ద్వారా పరిచయమైన పాప్ గాయని స్మిత పాత సినిమా పాటలను నవీన తాళగతులతో మసక మసక అనే ఆల్బంలో పాడింది. ఆ పేరు 1973 నాటి దేవుడు చేసిన మనుషులు చిత్రంలో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన పాట నుండి వచ్చింది. తరువాతి కాలంలో హైదరాబాదు మొదలైన నగరాలలోని యువ బ్యాండ్లు గిటారు, డ్రమ్ములతో పాత పాటలు పాడుతున్నాయి. ఇవి పాటల మాధుర్యాన్ని చెరుపుతున్నాయని కొందరు, కొత్త తరానికి వాటిని పరిచయం చేస్తున్నాయని కొందరు వాదిస్తారు. కొత్త రూపం విన్న తరువాత మూల గీతాన్ని వెదకి వినే శ్రోతలు ఉన్నంతకాలం రెండవ వాదాన్ని తోసిపుచ్చలేము.

హక్కులు, చట్టం

సినిమా పాటపై రచయితకు, సంగీత దర్శకుడికి, రికార్డు సంస్థకు హక్కులు ఉంటాయి. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, ఒక పాటను వేరొక గాయకుడు పాడి రికార్డుగా విడుదల చేయాలంటే, మొదటి రికార్డు వెలువడిన సంవత్సరం ముగిసిన తరువాత ఐదు క్యాలెండరు సంవత్సరాలు గడవాలి. ముందుగా తెలియజేసి రాయల్టీ చెల్లించాలి. వేదికపై పాడడం వేరే విషయం. ప్రవేశ రుసుము లేని సభలో గాని, ధార్మిక సంస్థ సహాయార్థం గాని ఔత్సాహిక సంఘం ఇచ్చే ప్రదర్శనకు చట్టం మినహాయింపు ఇచ్చింది. మతపరమైన వేడుకలకు, పెళ్ళి ఊరేగింపులకు కూడా మినహాయింపు కలదు. టిక్కెట్లు అమ్మి జరిపే వృత్తి కచేరీలకు ఈ మినహాయింపులు వర్తించవు. రచయితలు, సంగీత దర్శకుల తరపున ఇటువంటి అనుమతులు ఇచ్చి రుసుము వసూలు చేసే సంస్థ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969లో ఏర్పడింది.

2017 మార్చిలో ఈ అంశం విస్తృతంగా చర్చకు వచ్చింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తన గాన జీవితపు యాభై సంవత్సరాల సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తున్నపుడు, అనుమతి లేకుండా తన పాటలు పాడరాదని ఇళయరాజా తరపున నోటీసు అందింది. బాలసుబ్రహ్మణ్యం ఆ పాటలను విడిచి మిగిలిన పాటలతో కచేరీలు కొనసాగించాడు. ఒకప్పుడు ఒకే బృందంలో ఇతరుల పాటలు వాయించి, పాడిన మిత్రుల నడుమ ఈ వివాదం తలెత్తడం అభిమానులను బాధించింది. 2019 జూన్ 2న ఇళయరాజా జన్మదినాన చెన్నైలో జరిగిన కచేరీలో బాలసుబ్రహ్మణ్యం తిరిగి ఆయన పాటలు పాడాడు. పాడిన గొంతు ఎంత ప్రసిద్ధమైనదైనా పాటపై స్వరకర్తకూ, రచయితకూ హక్కు ఉంటుందన్న విషయం ఈ వివాదం ద్వారా సామాన్య శ్రోతలకు తెలిసింది.

కాలక్రమంలో వచ్చిన మార్పులు

1980ల నుండి విద్యుత్ వాద్యాలు విభావరుల స్వరూపాన్ని మార్చాయి. ఎలక్ట్రానిక్ కీబోర్డు ఒక్కటే వయొలిన్ల, పియానో, అకార్డియన్ల పని చేయసాగింది. 1985లో రోలండ్ సంస్థ విడుదల చేసిన ఆక్టోప్యాడ్, దానిని పోలిన రిథమ్ ప్యాడ్లు తాళవాద్యాల స్థానాన్ని ఆక్రమించాయి. బృందాలు చిన్నవయ్యాయి, ఖర్చు తగ్గింది, ప్రయాణం సులభమైంది. అదే సమయంలో క్లారినెట్, మాండొలిన్, అకార్డియన్ వాయించేవారికి అవకాశాలు తగ్గిపోయాయి. స్టూడియోలలోనూ ఇదే పరిణామం జరిగింది.

తరువాత కరోకే వచ్చింది. 1971లో జపానులోని కోబె నగరంలో ఇనోవే దైసుకే రూపొందించిన యంత్రంతో ప్రచారంలోకి వచ్చిన ఈ పద్ధతిలో, ముందుగా రికార్డు చేసిన వాద్య సంగీతానికి అనుగుణంగా గాయకుడు పాడతాడు. మొబైల్ ఫోను, స్పీకరు ఉంటే చాలును గనుక తెలుగునాట కూడా కరోకే సంఘాలు అనేకం ఏర్పడ్డాయి. ఉద్యోగ విరమణ చేసినవారు, గృహిణులు, విద్యార్థులు ఎందరో దీనివల్ల పాడే అవకాశం పొందారు. అయితే కరోకేలో వాద్య సంగీతం గాయకుడిని అనుసరించదు, గాయకుడే దానిని అనుసరించాలి. రాగాలాపన పెంచడానికి, శ్రోతల కోరికపై చరణం మళ్ళీ పాడడానికి వీలులేదు. అన్నిటికంటే ముఖ్యంగా, పాత పాటల వాద్య సంగీతాన్ని చెవితో విని చేతితో వాయించే విద్య తరువాతి తరానికి అందడం తగ్గిపోతుంది.

ధ్వని నియంత్రణ నిబంధనలు కూడా విభావరిపై ప్రభావం చూపాయి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో మైకులు వాడరాదు. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాల సందర్భంగా సంవత్సరానికి పదిహేను రోజులకు మించకుండా రాత్రి 12 వరకు అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. పూర్వం తెల్లవారే దాకా సాగిన పల్లె విభావరులు ఇందువల్ల ముందుగానే ముగుస్తున్నాయి. పేరులోని రాత్రి సగానికి తగ్గినా, వృద్ధులకు, రోగులకు, పరీక్షలు వ్రాసే విద్యార్థులకు ఈ నిబంధన మేలు చేసింది.

పాటల రికార్డులు భద్రపడినంత మాత్రాన వాటిని వాయించే విద్య భద్రపడదు. ప్రసిద్ధ గీతాల వాద్య సంగీతాన్ని అనుభవజ్ఞులైన వాద్యకారుల చేత స్వరలిపిలో వ్రాయించి, సంగీత కళాశాలల ద్వారా విద్యార్థులకు అందించగలిగితే, ఆ పాటలను పూర్తి వాద్యబృందంతో వినే అవకాశం రాబోయే తరాలకు కూడా ఉంటుంది.

ఇవి కూడా చూడండి

ఘంటసాల వెంకటేశ్వరరావు
ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం
ఎస్. జానకి
ఎం.ఎస్. రామారావు
మాధవపెద్ది సత్యం
జి. ఆనంద్
పాడుతా తీయగా
పద్యనాటకం